అప్పన్నను ఆపింది మందేనా?

2018లో నేను శ్రీకాకుళంలో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో మత్తు డాక్టర్ని. తుంటి కీలు మార్చిన మనిషిని అదే సాయంత్రం ఇంటికి పంపాలని మాకు ఒకటే ఉబలాటం. మా చుట్టుపక్కల అప్పటికి ఎవరూ చేసినట్టు వినలేదు మరి!

స్పైనల్ అంటే వెన్నులో ఇచ్చే మత్తు. మనిషి మెలకువగానే ఉంటాడు, నడుం కింద మొద్దుబారుతుంది. పాత మందు బుపివకైన్ చాలాసేపు ఉంటుంది. కొత్తగా వచ్చిన క్లోరోప్రొకైన్ త్వరగా దిగిపోతుంది. మా సర్జన్‌ది వేగమైన చెయ్యి కనుక ఆ కొద్దిసేపు చాలని ధీమా. మొదటి పేషెంటుకు పాతది, రెండో పేషెంటుకు కొత్తది ఇచ్చి చూద్దామనుకున్నాం. ఇంటికి పంపాలంటే పేషెంటు నడవాలి, మూత్రం పొయ్యాలి. మత్తు మూత్రాశయాన్నీ నిద్రపుచ్చుతుంది.

మొదటి పేషెంటు అప్పన్న, సముద్రం మీద వేటకెళ్లే మనిషి. ఆపరేషన్ మర్నాడు పొద్దున్నే కొడుకు కొత్త పడవ నీళ్లలో దిగుతుంది. ఇంటి పెద్దగా తొలి చెయ్యి ఆయనే వెయ్యాలి.

ఆపరేషన్ రోజు మధ్యాహ్నానికే వాకర్ పట్టుకుని వరండా చివరిదాకా నడిచేశాడు! సిస్టర్లు చప్పట్లు కొట్టారు.

"సూసినారా? పడవ నానొక్కడినే తోసీగల్ను," అన్నాడు.

తీరా మంచం మీద యూరిన్ పాట్ ఇస్తే చుక్క రాలేదు.

"తొంగుంటే ఏటొస్తాది బాబూ? నిలబెట్టండి, సాలు."

"మందు ఇంకా దిగలేదు తాతా."

"దిగకుండానే అంత దూరం నడిసీసినానా?"

నవ్వేసి, కాసేపాగి కేథటర్, అంటే మూత్రం గొట్టం, వేయించాను. గొట్టం వేస్తే రాత్రికి ఉండిపోవాల్సిందే. పడవ ఆయన లేకుండానే దిగింది.

రెండో పేషెంటు బొబ్బిలి మాస్టారు. పాట్ తెచ్చేలోపే సిస్టర్ని తోడు తీసుకుని, వాకర్‌తో బాత్రూమ్‌కి వెళ్లొచ్చేశారు. సాయంత్రానికి ఇంట్లో ఉన్నారు! ఆ ఉత్సాహంలో డాక్టర్ల సమావేశంలో కొత్త మందే గెలిచిందని చెప్పేశాను.

తర్వాత ఒకరికి పాత మందే ఇవ్వాల్సొచ్చింది. ఆయనకూ పడుకుంటే రాలేదు. అప్పన్న మాట గుర్తొచ్చి నిలబెట్టాను. వచ్చింది. ఆయనా ఆ సాయంత్రమే ఇంటికెళ్లాడు.

చెకప్‌కి వచ్చిన అప్పన్నతో తప్పు నాదేనన్నాను.

"ఇప్పుడు సెప్తే పడవ ఎనక్కొస్తాదేటి బాబూ?"

కొత్త మందు త్వరగా దిగుతుందన్నది నిజమే. అప్పన్నను ఆపింది పాత మందేనన్నది మాత్రం నా ఊహ. ఒకరిని పడుకోబెట్టి, మరొకరిని నిలబెట్టి, మందుల్ని పోల్చాననుకున్నాను.