నేను కలకత్తాలో చూసిన తలగుడ్డ

పంతొమ్మిదో శతాబ్దపు ఐరోపా చిత్రకళ గురించి నాలుగు ముక్కలు చెప్పమని అమెరికా నన్ను పిలిపించింది. ఈ వాక్యాన్ని కొంచెం తగ్గించి చదువుకోండి. పిలిచింది న్యూజెర్సీలో ఉంటున్న నా పాత విద్యార్థులు పదకొండు మంది. నర్సాపురంలో ముప్పై రెండేళ్లు డ్రాయింగు మాస్టారుగా చేశాను కాబట్టి, ప్లెయిన్స్‌బరోలో తమ బ్యాచ్ సమావేశానికి రమ్మని విమానం టికెట్టు పంపారు. అక్కడ నేను చెప్పిన నాలుగు ముక్కలూ మైసూర్‌పాక్ గురించే.

మర్నాడు శనివారం. ఉదయం ఏడున్నరకు వసుంధర కారు తెచ్చింది. మందుల కంపెనీలో పెద్ద ఉద్యోగం తనకి. నాకు మాత్రం ఇప్పటికీ ఎనిమిదో తరగతి, రెండో బెంచీ.

"మాస్టారూ, మన బొమ్మ న్యూయార్క్ మ్యూజియంలో ఉందట. పదండి, వెళ్లొద్దాం," అంది.

నాకు వెళ్లాలని లేదు. ఎందుకో చెప్పాలి.

మన బొమ్మ అంటే ఒక ఫ్రెంచి చిత్రకారుడు వేసిన పల్లెటూరి స్త్రీ. తలకు గుడ్డ కట్టుకుని, బంగాళాదుంపల బస్తాకు చేరగిలబడి కూర్చుని ఉంటుంది. మా బడి పుస్తకంలో అది నలుపు తెలుపు అచ్చు. వసుంధర ఎనిమిదిలో ఉన్న ఏడు జిల్లా పోటీకి పిల్లలందరిచేతా దాన్నే వేయించాను. తలగుడ్డ ఎరుపు అని చెప్పాను. వసుంధర ఒక్కతే ఇంటి నుంచి బట్టలకు పెట్టే నీలిమందు తెచ్చి నీలం అద్దింది. "మా అమ్మమ్మ పొలానికి నీలం గుడ్డే చుట్టుకెళ్తుందండీ," అంది. "అసలు చిత్రాన్ని కలకత్తాలో కళ్లారా చూసినవాణ్ని, నాకు చెప్తావా?" అని తడిగుడ్డతో తుడిపించి, పదికి నాలుగు వేశాను. బొమ్మ పోటీకి వెళ్లలేదు. కలకత్తా వెళ్లిన మాట నిజం. రైలు మారడానికి వెళ్లాను. స్టేషన్ దాటి బయట అడుగు పెట్టలేదు.

ప్రిన్స్‌టన్ జంక్షన్‌లో ఎనిమిదీ ఇరవైకి రైలు. ముసలివాళ్లకు సగం టికెట్టు. అదీ వసుంధర ఫోన్‌లోనే కొనేసింది. చేతికి అట్టముక్క రాకపోతే నాకు ప్రయాణం చేసినట్టుండదు.

"ఫోన్‌లో ఆ బొమ్మ రంగు చూసే ఉంటావుగా?" అన్నాను, కిటికీలోంచి చూస్తూ.

"లేదు మాస్టారూ. పేరు కనపడగానే పేజీ క్లోజ్ చేసేశా. మీ పక్కన నిలబడి చూద్దామని."

దానికంటే తిట్టినా బాగుండేది.

ఎడిసన్‌లో ఎక్కిన కరీంనగర్ విద్యార్థి ఒకడు మా తెలుగు విని ఎదురు సీట్లో కూర్చున్నాడు.

"మ్యూజియంకా అంకుల్? నేనొచ్చి రెండేండ్లయితంది, ఇంకా పోలే. ఇంటర్న్‌షిప్ దొరికినంక పోదామనుకున్న."

"మా మాస్టారు ఒరిజినల్ ఎప్పుడో చూసేశారు, కలకత్తాలో," అంది వసుంధర.

"మరి మళ్ల ఎందుకు పోతున్రు?"

కుర్రాడి తర్కం నాకు నచ్చలేదు. ఊరుకోవలసింది. ఊరుకోకుండా కలకత్తా హాల్లో దీపాలు, గుమ్మం దగ్గర కాపలావాడి మీసాలు కూడా వర్ణించాను.

తొమ్మిదీ నలభైకి న్యూయార్క్. సబ్‌వే ఎక్కి దిగి, పది నిమిషాలు నడిచి, మ్యూజియం తలుపులు తెరిచిన కాసేపటికే లోపలికి వెళ్లాం. వసుంధర నేరుగా మన బొమ్మ దగ్గరికి నడవబోయింది.

"క్రమం ఉంటుందమ్మా. ముందు రొమాంటిక్కులు, తర్వాతే రియలిస్టులు. చరిత్ర అలాగే నడిచింది," అని ఆపాను. చరిత్ర అలా నడిచిన మాట నిజమే. నేను ఆపింది భయంతో.

రొమాంటిక్కుల గది నాకు పుట్టింటిలా ఉంది. ఒకచోట తాటిచెట్టంత కెరటం, దాని కింద విరిగిన ఓడ. ఇంకోచోట మెరుపుకు బెదిరి ముందుకాళ్లు లేపిన గుర్రాలు. నెత్తురంటిన సూర్యాస్తమయం కింద కూలిన కోట, దాని ముందు చీమంత మనిషి. ఉన్నది ఉన్నంతే చెబితే ఎవరు వింటారన్నది వీళ్ల సిద్ధాంతం. నాదీ అదే.

"మీరు చదివే రోజుల్లో వచ్చిన తుఫానులో మన బడి మేడ మెట్ల దాకా కెరటాలు ఇలాగే..." అని మొదలుపెట్టాను.

"గేటు దాకా మాస్టారూ. నేనూ ఆ మేడ మీదే ఉన్నాను."

పన్నెండున్నరకు బయట మెట్ల మీద కూర్చుని వసుంధర తెచ్చిన పులిహోర తిన్నాం. పావురాలకు పల్లీలు దక్కాయి. ఇక సాకులు మిగల్లేదు.

రియలిస్టుల గది గుమ్మంలో ఆగాను. "వసుంధరా, కలకత్తాలో నేను ఏ చిత్రమూ చూడలేదు."

"మరి ఎరుపన్నారు?"

"ఆ ఏడు బడి రంగుల పెట్టెలో నీలం బిళ్ల అయిపోయింది. ఎరుపు మిగిలింది."

"నాలుగు మార్కులు మాస్టారూ," అంది. అని, నాకోసం ఆగకుండా లోపలికి వెళ్లిపోయింది.

వెనకే నడిచాను. ఇక్కడ మెరుపుల్లేవు. బురద, మసి పట్టిన పొయ్యి, ఆవలిస్తున్న ముసలాయన. మన బొమ్మ గోడంత ఉంటుందని క్లాసులో చెప్పేవాణ్ని. క్యాలెండరంత ఉంది. తలగుడ్డ నీలం. నెమలి నీలమూ కాదు, ఆకాశ నీలమూ కాదు. ఉతికి ఉతికి వెలిసి, ముడి దగ్గర మాత్రం ముదురుగా మిగిలిన నీలిమందు నీలం. గోళ్లలో మట్టి. ఎరుపు వేసి ఉంటే ఆవిడ పెళ్లికి బయలుదేరినట్టుండేది. నీలంలో ఆవిడ అలసిపోయి ఉంది, అంతే. ఆ "అంతే" అనడానికి ఎంత చెయ్యి తిరగాలో నాకు డెబ్బై ఎనిమిదో ఏట తెలిసింది.

"మా అమ్మమ్మే," అంది వసుంధర. తర్వాత నవ్వింది. గదిలో వాళ్లు తిరిగి చూసేంతగా నవ్వింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ సంబరంలో ముడి చూపిద్దామని జేబులోంచి ఎర్ర పెన్ను తీశాను. కాపలా ఉన్న పెద్దాయన పరుగులాంటి నడకతో వచ్చి, ఇక్కడ పెన్నులు తీయకూడదన్నాడు. పెన్సిలైతే పరవాలేదని తనదే ఒక పొట్టి పెన్సిలు ఇచ్చాడు. వెళ్లేవాళ్లు గుర్తుంచుకోండి, పెన్సిలు తీసుకెళ్లండి.

"జేబులో పెట్టేయండి మాస్టారూ, మీ ఎర్ర ఇంకు ఇక్కడ చెల్లదు," అని వసుంధర ఆ పెన్సిలు తీసుకుంది. మ్యూజియం మ్యాపు వెనక, నిలబడే, పావుగంటలో ఆవిడ తల, తలగుడ్డ, ముడి దించేసింది.

నాలుగుంపావు రైలుకు ముందుగానే వచ్చి కూర్చున్నాం. రోజంతా చూసినదాన్ని తలుచుకుంటే, తుఫానులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఆ గోళ్లలో మట్టి మాత్రం విడిగా ఉండిపోయింది. వసుంధర మ్యాపు నా ఒళ్లో పెట్టింది.

"ఇక్కడ పెన్ను తీయొచ్చు. దిద్దండి."

మా బడి పద్ధతిలో మూలన సున్నా చుట్టి తొమ్మిదిన్నర వేశాను.

"ఆ అర మార్కు ఎందుకు కోశారు?"

"నీలిమందు ఇంట్లో చెప్పకుండా తెచ్చినందుకు."

"అమ్మమ్మే ఇచ్చిందండీ."

కొట్టేసి పది చేశాను. ముప్పై రెండేళ్లలో ఎవరికీ వేయని పది. కింద సంతకం చేస్తే వంకరపోయింది. రైలు కుదుపమ్మా అన్నాను. వసుంధర బుద్ధిగా తలూపింది.

రైలు ఇంకా కదలలేదు.