లోపలి పంపు, బయటి పంపు

మా వీధి టీచరమ్మ పోయిందని నాకు మొదట హిందీలో తెలిసింది. భిలాయి క్యాంప్ 2లో చావుకబురు ఏ భాషవాళ్ళదైనా ముందు హిందీలోనే వస్తుంది. "దీదీ నహీఁ రహీ, చాచా" అన్నాడు ఎదురుగా ఉన్న కిరాణా కొట్టు మనిషి, షట్టరు సగం దించుతూ. పూర్తిగా దించలేదు. పూర్తిగా దించేటంత దగ్గరితనం మా వీధి ఆవిడకి ఎన్నడూ ఇవ్వలేదు.

ఆవిడకి పుట్టినప్పటినుంచీ ఫిట్స్. ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెబుతుండగా ఓసారి తరగతిలోనే వచ్చాయి. మర్నాటినుంచి రావద్దన్నారు. ఆ తర్వాత ఇంటి వరండాలో నల్లబల్ల పెట్టుకుని ట్యూషన్లు చెప్పింది. అంటుకుంటుందేమోనని పిల్లల్ని మానిపించినవాళ్ళున్నారు. మొన్న సంతాప సభలో మైకు వదలనిది వాళ్ళే. పోయినవాళ్ళకి ఫిట్స్ రావు గదా, ధైర్యంగా పొగడొచ్చు.

నేను ఉక్కు ప్లాంటులో పంపు హౌసు మనిషిగా చేసి రిటైరయ్యాను. బడిలో చదివింది ఐదో తరగతి దాకా. మిగతాదంతా పకోడీ పొట్లాల కాగితాలమీదే. పొట్లం చదువుతో ఒక చిక్కుంది, ఎంత మంచి సంగతైనా సగంలో చిరిగిపోతుంది. అలా చిరిగిన ఒక ముక్కలో 'మెదడులో క్లోరైడు' అని కనబడితే, మిగతా సగం అడగడానికి ఆవిడ మెట్లెక్కాను.

"క్లోరైడంటే ఏటమ్మా?"

"ఉప్పులో సగం బాబాయ్."

ఆ సగం మాట పట్టుకుని నేను చేసిన ఘనకార్యం చెప్పకుండా ఉండకూడదు. టీచరమ్మ ఫిట్స్‌కి కారణం ఉప్పేనని వీధంతా చాటాను. వినాయక చవితికి భోజనానికి పిలిచి, మా ఆవిడచేత ఉప్పులేని పప్పు వడ్డింపించాను. టీచరమ్మ ఒక ముద్ద తిని నావైపు చూసింది.

"ఇది నీ పనేనా బాబాయ్?"

"నీ మంచికేనమ్మా."

"ఉప్పు ఎంతున్నాదన్నది కాదు గొడవ, గోడకి ఏ పక్కనున్నాదన్నది. ఆ ఉప్పు డబ్బా ఇలాగియ్యి పిన్నీ. మీ ఆయనకి రేపు పాఠం చెప్తాను."

చెప్పింది. నల్లబల్ల మీద గుండ్రంగా ఒక కణం గీసి, దానికి రెండు పంపులు పెట్టింది.

"నీ పంపు హౌసే అనుకో. ఒకటి క్లోరైడుని లోపలికి తోడతాది, ఒకటి బయటికి తోడేస్తాది. పెద్దోళ్ళ మెదడులో బయటి పంపుదే జోరు. లోపల సరుకు తక్కువ. అందుకని 'నెమ్మది' అని కబురొచ్చి తలుపు తెరుచుకుంటే, క్లోరైడు లోపలికొచ్చి కణాన్ని చల్లబరుస్తాది. అప్పుడే పుట్టిన పిల్లలకి బయటి పంపు ఇంకా అందుకోదు. లోపలంతా నిండుగా ఉంటాది. అదే తలుపు తెరిస్తే అది బయటికి పోతాది. 'నెమ్మది' అన్న కబురే 'లే, లే' అన్నట్టు తగుల్తాది."

"సంపు నిండిపోయినట్టన్నమాట."

"అదే. నాను పుట్టినప్పుడు ఫిట్స్ ఆపడానికిచ్చిన మందు పనిచెయ్యలేదని మా అమ్మ చెప్పేది. ఆ మందు చేసేదీ 'నెమ్మది' కబురుని పెంచడమే గదా, ఇదే కారణం కావచ్చు. కొందరికి పెద్దయ్యాక కూడా, ఫిట్స్ జబ్బులో, ఆ బయటి పంపు నీరసించిపోతాదట. నాదీ అదేనని ఏ డాక్టరూ చెప్పలేదు. కావచ్చు, అంతే."

'కావచ్చు, అంతే' ఆవిడ ఊతపదం. అన్నీ తెలిసినవాళ్ళతో కిక్కిరిసిన మా వీధిలో అంత నిజాయితీ గల మాట నేను ఇంకొకటి వినలేదు.

ఇక ఇనుము సంగతి. మా శ్రీకాకుళం వాళ్ళకి ఫిట్స్ అనగానే చెయ్యి తాళాల గుత్తికి పోతుంది. ఇనుము పట్టిస్తే తగ్గుతాయని నమ్మకం. ఆవిడ నవ్వేది. "ఇనుముతో తగ్గేదైతే భిలాయిలో ఒక్కరికైనా ఫిట్స్ రావాలేటి బాబాయ్? చేతిలో ఇనుము పెట్టకు, నీ చేతికున్న వాచీ చూడు. పక్కకి తిప్పి పడుకోబెట్టు. నోట్లో ఏటీ పొయ్యకు, పొయ్యనియ్యకు. ఐదు నిమిషాలు దాటితే అంబులెన్సు." ఎక్కంలా నాచేత అప్పజెప్పించుకునేది. వైశాలి నగర్‌లో ఉండే మా వేలువిడిచిన ఆఫీసరు బావమరిదికి ఈ పాఠం నేనే దర్జాగా చెప్పాను, పుట్టుకతోనే తెలిసినవాడిలా.

పోయిన నెల ఒక పొద్దున్న, పదిగంటలవేళ, కుళాయి దగ్గర ఆవిడ పడిపోయింది. అందరం మూగాం. "జూతా సుంఘావో" అని ఎవరో అరిచారు. ఎవరో చెప్పు తెచ్చి ముక్కు దగ్గర పెట్టారు. ఎవరో నోట్లో నీళ్ళు పోశారు. నేను వద్దనలేదు. ఎందుకంటే అప్పటికే నేను మోకాళ్ళమీద కూర్చుని, నా తాళాల గుత్తి ఆవిడ కుడి పిడికిట్లో కుక్కుతున్నాను. పాఠం నోటికి వచ్చింది గాని చేతికి రాలేదు.

ఒక ఆటోవాడు ఆగి, "ఎంబులెన్స్ బులాయా క్యా?" అని అడిగాడు. ఎవ్వరం పిలవలేదు. అతనే ఫోన్ చేశాడు.

నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి వెళ్ళాయన్నారు ఆసుపత్రిలో. నాలుగు రోజులుంది. మొదటిరోజే నర్సు నా గుత్తి నాకిచ్చేసి, పిడికిలి విప్పడానికి కష్టమైందని చెప్పింది.

ఇప్పుడు వీధిలో నన్ను మెచ్చుకుంటున్నారు. "పాపం, ముసలాయన వెంటనే ఇనుము కూడా పట్టించాడు, అయినా దక్కలేదు" అని. సభలో మాట్లాడమంటే నేను లేవలేదు.

రిటైరైనప్పుడు తోటివాళ్ళు పెట్టిన వాచీ ఆ పొద్దున్న కూడా నా ఎడమ చేతికే ఉంది. ఆవిడ పిడికిలిని రెండు చేతులా మూసి పట్టుకున్నాను గదా, వాచీ మొహం సరిగ్గా ఆవిడ కళ్ళకి ఎదురుగా ఉంది. సన్నముల్లు తిరుగుతూనే ఉంది.