దారిన పోయే దంపతులు

శవంగారికి ఆ పేరు గౌరవం కొద్దీ వచ్చిందే. ఎప్పుడో ఒక సినిమాలో ఆయన శవంగా పడుకుని, ముక్కు మీద ఈగ వాలినా రెప్ప కదపలేదు. ఆ నిగ్రహానికి ముచ్చటపడి స్టూడియో జనం ‘శవం’ అన్నారు. జుట్టు నెరిశాక ‘గారు’ తగిలించారు. జూనియర్ ఆర్టిస్టుకి అంతకు మించిన సన్మానం ఏముంటుంది? భార్యదీ అదే వృత్తి. ఇద్దరూ ఎన్నో సినిమా వీధుల్లో నడిచారు, ఒక్క సినిమాలోనూ ఎక్కడికీ చేరలేదు.

ఈసారి సినిమా బాగా తాత్త్వికమైనది. ఊరంతా ఒక కంప్యూటరు కనే కల. అందులో సొంత బుద్ధి ఉన్నవాడు హీరో ఒక్కడే, మిగతావాళ్లు ఆడిస్తే ఆడే బొమ్మలు. ఆ సంగతి హీరో కనిపెట్టాలంటే జనం ప్రతి ఉదయం అచ్చం ఒకేలా నడవాలి. శవంగారు చంకలో పేపరుతో ఇటునుంచి, ఆవిడ కూరల సంచితో అటునుంచి వచ్చి, బేకరీ సెట్టు ముందు ముక్కూ మొహం తెలియనివాళ్లలా దాటిపోవాలి. ఇన్నేళ్ల కాపురం చేశాక అదేమంత కష్టం కాదని శవంగారు చమత్కరించారు. ఆవిడ నవ్వలేదు. పొద్దున బస్సు దిగుతూ ఆయన మోకాలు పట్టుకోవడం ఆవిడ చూసింది.

ఆ మోకాలి సంగతి ఆయన దాచుకొస్తున్నారు. కుంటేవాణ్ణి, జూనియర్ ఆర్టిస్టులని షూటింగులకి పంపే ఏజెంటు మళ్లీ పిలవడు. అప్పుడు ఆవిడ ఒక్కతే పనికి వెళ్తుంది, తను ఇంట్లో నాలుగు గోడల ముందు శవం వేషం వెయ్యాలి. ఆ వేషం మాత్రం ఆయనకి ససేమిరా ఇష్టం లేదు.

టేకు మీద టేకు. మధ్యాహ్నానికల్లా మోకాలు సొంత బుద్ధి తెచ్చుకుంది. బేకరీ ముందు శవంగారు తూలారు, పేపరు జారిపోయింది. దాటిపోవలసిన ఆవిడ ఆగింది. సంచి భుజానికి తగిలించుకుని, ఆయన చెయ్యి పట్టుకుని, వచ్చిన దారినే వెనక్కి తిరిగి ఆయనతో నడిచింది.

కట్ అన్నారు. ఏజెంటు తల పట్టుకున్నాడు. శవంగారు తన ఉద్యోగానికి మనసులోనే నివాళులర్పించారు.

అలా చెయ్యమని ఎవరన్నారని డైరెక్టరు వచ్చి అడిగాడు.

"ఎవరూ అనలేదు బాబూ. పడిపోయేలా ఉన్నారు."

"ఇక్కడ ఎవరికీ సొంత బుద్ధి ఉండదని పొద్దున చెప్పాను కదమ్మా."

"చెప్పారు. ఆ క్షణంలో గుర్తు రాలేదు."

డైరెక్టరు వెళ్లి, తీసిన ముక్కని తెర మీద మళ్లీ మళ్లీ చూసుకుని, తీర్పుతో తిరిగొచ్చాడు. బొమ్మలు ఒకరినొకరు పట్టుకోవచ్చు. కాకపోతే ప్రతి ఉదయం అచ్చం ఇలాగే జరగాలి: ఆయన అక్కడే తూలాలి, ఆవిడ అప్పుడే ఆగాలి. అలా ఆ కుంటుకి సాక్షాత్తూ సృష్టికర్త ఆమోదముద్ర పడింది. సినిమా పూర్తయ్యేదాకా ఆయన్ని మార్చడం ఇక ఏజెంటు తాత తరం కూడా కాదు.

తర్వాతి టేకులో ఆవిడ గబగబా వచ్చి, ఆయన బేకరీ చేరకముందే చెయ్యి పట్టేసుకుంది. మళ్లీ కట్.

"నేనింకా తూలలేదే," అని గొణిగారు శవంగారు.

"తూలేదాకా చూస్తూ నిలబడమంటారా?"

మొదటినుంచీ చేద్దాం, ఎవరి చోటికి వాళ్లు వెళ్లండని మైకులో వినిపించింది. ఆవిడ ముందు ఆయన్ని ఆయన చోట దిగబెట్టి, అప్పుడు తన చోటికి బయల్దేరింది.