నీసు ముట్టిన చేతులు

వంటమేస్త్రీ కొండబాబు శుక్రవారం మీద పెట్టుకున్న ఆశ అంతా ఇంతా కాదు. బరంపురం నుంచి కతోలికుల గుంపుతో ఫ్రాన్సులో ఉన్న లూర్దుకి వచ్చిన దగ్గర్నుంచీ ఆ ఒక్క రోజు కోసమే కాచుకుని ఉన్నాడు. తీరా ఆ శుక్రవారం సాయంత్రం, తెల్లారితే బస్సెక్కి వెళ్లిపోవాలనగా, హోటలు వంటింటి బల్ల మీద ఎవరో పెద్ద పెట్టె తెచ్చి పెట్టారు. మూత తీస్తే మంచుముక్కల మధ్య చేపలు!

"సంపేసినార్రా నాయినా!" అని కొండబాబు అక్కడే కూలబడ్డాడు.

మనిషి హిందువు. ఆంధ్రా సరిహద్దు పక్క పల్లెలో కూలి చేసుకునేవాళ్లింట పుట్టాడు. చిన్నప్పుడే బరంపురం వచ్చి, బడా బజార్‌లో ఒక హోటల్లో అంట్లు తోమి, ఉల్లిపాయలు తరిగి, గరిట పట్టి, చివరికి పెళ్లిళ్లకి వంటలు ఒప్పుకునే మేస్త్రీ అయ్యాడు. శెట్టిగారింటి పెళ్లికి ఉల్లి తగలకుండా వండగలడు, మర్నాడే ఇంకో ఇంట మాంసం పులావు దించగలడు. యాత్రకి వచ్చే ముసలాళ్లకి రొట్టెముక్కలు దిగవని ఫాదర్ పూర్ణచంద్ర భయపడి, "నువ్వొచ్చి రెండు పూటలా అన్నం వండిపెట్టు బాబూ" అని పిలిచాడు.

కొండబాబు ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడు. దేశం చూద్దామని కాదు. భార్య నీలమ్మకి కొన్ని నెలలుగా ఏం తిన్నా కడుపులో ఇమడటం లేదు. తిండి పేరెత్తితే చాలు, మొహం అటు తిప్పేసుకుంటుంది. ఊరంతా లొట్టలేసుకుని తినే వంట సొంత ఇంట్లో ఒక్క ముద్ద దిగకపోతే ఆ మొగుడికి ఎలా ఉంటుంది? పొట్ట కోసి చూడాలన్నారు డాక్టర్లు. అతను తిరిగి వెళ్లాక ఆపరేషన్. బయల్దేరేటప్పుడు నీలమ్మ ఒకటే మాట చెప్పింది. "ఆ లూర్దు మాత జబ్బులోళ్ల తల్లంట. నువ్వే ఎల్లి మొకం సూసి అడుగు. ఇంకొకళ్లసేత అడిగించకు."

అడగాలంటే తల్లి ముందుకి వెళ్లాలి కదా! పోనీ ఏమైనా దూరమా? హోటలు మెట్లు దిగి దుకాణాల వీధి దాటితే నది, దాని పక్కనే రాతికొండ, ఆ కొండ గుహలోనే మాత. కానీ కొండబాబు ఇంట్లో ఒక కట్టుబాటుంది. మాంసం, చేప, గుడ్డు, ఏ నీసు ముట్టిన రోజైనా అమ్మవారి ముందుకి పోకూడదు. మర్నాడు తలారా స్నానం చేసి వెళ్లాలి. ఇక్కడేమో తెల్లారకముందే పొయ్యి దగ్గర గుడ్లు, మధ్యాహ్నం కోడి, రాత్రికి మళ్లీ కోడి. శుక్రవారం కతోలికులు మాంసం తినరని విన్నాక ప్రాణం లేచొచ్చింది. ఆ పొద్దున్న గుడ్లు కూడా ముట్టకుండా ఉప్మా చేశాడు, మధ్యాహ్నం పప్పుతో సరిపెట్టాడు. సాయంత్రం స్నానం చేసి వెళ్దామని ఉతికిన పంచె మంచం మీద పెట్టుకున్నాడు. మాంసం మానేవాళ్లు చేపలు మాత్రం శుభ్రంగా తింటారని ఆ మహానుభావుడికి ఎవరు చెప్పొచ్చారు గనక!

"ఆఖరి పూట కదా, అందరికీ మనూరి రుచి తగలాలి. ఆవ నూరి పెట్టు," అని ఫాదర్ గుమ్మంలోంచే చెప్పి నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. కొండబాబు కత్తి తీశాడు. ఒక చేప కోశాడు. రెండోదానికి కళ్లు కనపడలేదు, నీళ్లు నిండిపోయాయి.

చేపలొచ్చాయని విని గుంపులోని కాసమ్మ వంటింట్లోకి దిగింది. బరంపురం దగ్గర రామయ్యపట్నంలో ఎండుచేపలు అమ్మే మనిషి, తాతల నాటి నుంచీ కతోలికులు. చేపలున్న చోట చేతులు ముడుచుకుని కూర్చోలేదు.

"ఏటయినాదిరా కొండబాబూ? సేపల్ని సూసి ఏడ్సినోడ్ని నిన్నే సూసినాను."

ఆ మాటకి కొండబాబు ఆపుకోలేకపోయాడు. నీలమ్మ సంగతి, ఆపరేషన్ సంగతి, నీసు సంగతి మొత్తం చెప్పేశాడు. కాసమ్మ జాలి పడుతుందనుకుంటే భగ్గుమంది.

"ఓరి తిక్కసన్నాసీ! వీధి సివర తల్లిని ఎట్టుకుని ఇన్నాళ్లూ ఈ గిన్నెల కాడ కూకున్నావా?"

"నీసప్పా. ఎలాగెల్తాను?"

"నీసంట నీసు! ఆ తల్లి కొడుకు ఎవులితో తిరిగినాడనుకున్నావు? సేపలోళ్లతోనే! సచ్చి లేసినాక ఒడ్డున నిప్పేసి, సేపలు కాల్సి, రండర్రా తినండని పిలిసినాడు. నాకు ఒంటికీ నీసే, కోకకీ నీసే. పెతి ఆదోరం గుడికెల్తన్నాను. నువ్వు బయటుండవే అని ఒక్కనాడన్నా అందా?"

"మీ తల్లి మీకు సరే. మా అమ్మోరు ఒప్పదప్పా."

"అయితే మీ అమ్మోరికి నీలమ్మ బతకడం ఇష్టం నేదేటి?"

కాసమ్మ అతని చేతిలో కత్తి లాక్కుంది. "కూర నాను సూత్తాను. ఉప్పెక్కువైతే తిట్లు నాకే. ఫో!"

సబ్బుతో రెండుసార్లు కడిగినా చేతుల వాసన పోలేదు. మసి తగిలిన ప్యాంటుతోనే వెళ్లాడు. ఎండ ఇంకా దిగలేదు. చక్రాల కుర్చీల్లో జబ్బుమనుషులు, వాళ్లని తోసేవాళ్లు, వెనక పెద్ద వరస. అందరూ గుహ రాయిని తడుముతూ కదులుతున్నారు. కొండబాబు మాత్రం చేతులు చంకల్లో దాచుకున్నాడు.

పైన రాతిగూట్లో తెల్లబట్టల్లో తల్లి. డాక్టర్లు చెప్పిన జబ్బు పేరు, ఆపరేషన్ రోజు, అన్నీ వరసగా చెప్పాలని దారంతా వల్లించుకున్నాడు. ఒక్కటీ గుర్తు లేదు.

"అమ్మా, నీసు సేతుల్తో వచ్చినాను. తప్పయితే నన్ను సూసుకో, దాని జోలికెల్లకు. దానికి ఆకలెయ్యాల. అంతే."

వెనక వరస కదిలింది. చేతులు చంకల్లోంచి తీసి, రెండు అరిచేతులూ ఆ తడిరాయికి ఆనించి, బయటికొచ్చాడు.

నదిగట్టు మీద నిలబడి ఇంటికి ఫోన్ చేశాడు.

"మొకం సూసి అడిగినావా?" అంది నీలమ్మ.

"అడిగినాను."

"స్నానం సేసే ఎల్లినావా?"

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. ఇంత దూరం వచ్చి దీనికి అబద్ధం చెప్పనా అనిపించింది. "నేదే. సేప కోసి, ఆ సేతుల్తోనే ఎల్లిపోనాను."

అయిపోయింది, అపచారం చేశావంటుంది అనుకున్నాడు.

"ఏటి సేప?" అంది.

"పేరు తెల్దు. ఎర్రగుంది లోపల."

"ఆవెట్టి ఒండతన్నారా?"

తిండి మాటంటే మొహం తిప్పుకునే మనిషి కూర సంగతి అడుగుతోంది! జనం చూస్తున్నారని కూడా లేకుండా కొండబాబు గట్టు మీదే బావురుమన్నాడు.

"ఏడుపు తరవాత ఏడుద్దువు గాని, సెప్పు," అంది నీలమ్మ. "పులుపేటి ఏసినారు?"