సంగ్‌ము అన్న పొగిడిన ఒకే ఒక్క కోర్సు

తాక్ సంగ్‌ము అన్న నోటి వెంట ఏ కోర్సు గురించీ ఒక్క మంచి మాట వచ్చేది కాదు. మా చోంగ్జు ఊళ్లో, మా కాలేజీలో అప్పటికి ఏడేళ్లుగా ఉంటున్నాడు. అందులో మా దగ్గర మగపిల్లలెవరికీ తప్పని సైన్యం సర్వీసు పోను, ఇంటి దగ్గర ఖాళీగా కూర్చున్న ఏడాది పోను, మిగిలిన కాలమంతా కోర్సుల్ని తిట్టడానికే కేటాయించాడని మా సీనియర్లు చెప్పేవాళ్లు. మాది బయోటెక్నాలజీ, వ్యాపారం కలిపి నేర్పే విభాగం. పొద్దున సూక్ష్మజీవుల్ని పెంచడం, మధ్యాహ్నం వాటిని అమ్మడం. తిట్టదలుచుకున్నవాడికి సరుకు కరువు లేదు.

నేను కొత్తగా చేరిన ఫిబ్రవరిలో, సీనియర్లు మాకు ఇచ్చిన భోజనాల్లో ఆయన సరిగ్గా నా ఎదురుగా కూర్చున్నాడు. పొడుగ్గా, సన్నగా, నిద్రలేచి అప్పుడే వచ్చినట్టు ఉన్నాడు. నా పళ్లెంలోంచి ఒక ముల్లంగి ముక్క తీసుకుని పలకరించాడు.

"పేరేంటి చెల్లీ?"

"సోల్బీ అన్నా."

"మొదటి సెమిస్టరుకి ఏం తీసుకుంటున్నావ్?"

"సెల్ బయాలజీ అనుకుంటున్నా."

"వద్దు తల్లీ. ఆ సారు కణం గోడ దగ్గర మొదలెడతాడు. సెమిస్టరు అయిపోతుంది గానీ నిన్ను లోపలికి పోనివ్వడు."

"మరి వ్యాపార లెక్కలు?"

"ఆ మేడం లెక్కలో లాభం చూపిస్తే కొట్టేస్తుంది. ఇంత లాభం ఎక్కణ్నించి వచ్చిందో పోలీసులకి చెప్పుకో అంటుంది."

"మార్కెటింగ్?"

"గ్రూపు పని. ఐదుగురుంటారు. ఒకడు సైన్యంలోకి పోతాడు. ఒకడు ప్రేమలో పడతాడు. ఒకడు పోయినేడు చచ్చిపోయిన బామ్మని మళ్లీ చంపుతాడు. ఇంకొకడు ఫోనెత్తడు. ఐదోదానివి నువ్వు."

"పోనీ ఈత నేర్పే క్లాసుకీ క్రెడిట్ ఉందట కదా?"

"ఆ నీళ్లు చూశావా? మైక్రోబయాలజీ వాళ్లు శాంపిళ్లు అక్కణ్నించే పట్టుకెళ్తారు."

నా పక్కన కూర్చున్న మా బ్యాచ్ గిబొమ్‌కి ఒళ్లు మండింది. "అయితే ఏది తీసుకోమంటావన్నా?" అన్నాడు.

"సెలవు తీసుకో," అన్నాడు సంగ్‌ము అన్న, వాడి పళ్లెంలో ముక్క కూడా తీసుకుంటూ.

మేష్టార్లకీ ఈ సంగతి తెలియకపోలేదు. ఒకసారి వరండాలో ప్రొఫెసర్ గుక్ ఆయన్ని నిలదీశాడు. "ఏమయ్యా సంగ్‌ము, నా క్లాసులో నిద్రొస్తుందని చెప్తున్నావట?" దానికి మా అన్న చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా, "అబద్ధం సార్. నిద్ర కూడా పట్టదని చెప్పాను," అన్నాడు. ఆయన నవ్వాపుకోలేక దగ్గుతూ వెళ్లిపోయాడు. సంగ్‌ము అన్న మీద ఎవరికీ ఎక్కువసేపు కోపం నిలిచేది కాదు.

అయితే ఆ ఫిబ్రవరిలో ఒక కోర్సు మీద మాత్రం మరీ పగబట్టాడు. అది ఫెర్మెంటేషన్, అంటే పులియబెట్టే విద్య. మంగళవారం, గురువారం పొద్దున తొమ్మిదింటికి, ప్రొఫెసర్ నాం చెప్తాడు. మామూలుగా అందరూ ఎగబడే క్లాసు. సంగ్‌ము అన్న క్యాంటీన్లో, బస్టాపులో, ఆఖరికి దంతవైద్యుడి దగ్గర నోరు తెరుచుకుని కూడా దాన్నే తిట్టాడు.

"ఆ వాసన జుట్టుకి పట్టిందంటే బస్సులో నీ పక్కన జన్మలో ఎవరూ కూర్చోరు."

"అంత వాసనా అన్నా?"

"పోయినేడు ఒకడు చివరి పరీక్షలో జాడీ మూత తీశాడు. వాళ్లమ్మ ఇంకా వాణ్ని ఇంట్లోకి రానివ్వలేదు. మార్కులు కూడా ఆ సారు బాగా పులిశాక గానీ ఇవ్వడు. నీకు పిల్లలు పుట్టాక పోస్టులో వస్తాయి."

మేమంతా హడలిపోయి ఆ కోర్సుని మా జాబితాల్లోంచి కొట్టేసుకున్నాం. ఒక్క మల్సున్ పిన్ని తప్ప.

బోంగ్ మల్సున్ పిన్ని కూడా మా బ్యాచే. వయసు మాత్రం యాభై దాటింది. బజార్లో పచ్చళ్లు, కూరలు అమ్మే కొట్టు ఆవిడది. ఆవిడ పులియబెట్టే సోయా ముద్ద కోసం పక్క ఊళ్లనుంచి వచ్చేవాళ్లు. అది చెడిపోకుండా సీసాల్లోకి ఎక్కించి దేశమంతా పంపాలని, దాని కోసమే కాలేజీలో చేరింది. పదకొండు దాటితే కొట్టు దగ్గర జనం మూగుతారు. అంటే ఆవిడకి పనికొచ్చేవి పొద్దున క్లాసులే. మా విభాగంలో ఆ సెమిస్టరు తొమ్మిదింటికి ఉన్న క్లాసు ఇదొక్కటే. ఇది దొరక్కపోతే ఉండాల్సిన క్రెడిట్లు ఉండవు, కొత్తగా చేరినవాళ్లకి ఒక సెమిస్టరు ఆగి మళ్లీ రావడం కుదరదు. చదువు మానుకోవడమే. "దొరక్కపోతే అప్పుడు చూద్దాంలేరా," అని పైకి నవ్వేది గానీ, కొత్త పుస్తకాల సంచీ అప్పటికే కొనేసుకుంది.

ఆన్‌లైన్‌లో కోర్సులు ఎంచుకునే రోజు వచ్చింది. మా దగ్గర ఆ రోజు ఇంట్లో కూర్చుని నొక్కేవాడిని పిచ్చివాడంటారు. పిల్లలు గేములాడే నెట్ సెంటర్లో కంప్యూటర్లు వేగంగా పనిచేస్తాయని అందరం అక్కడికే పోతాం. పది గంటలకి కాలేజీ సైటు తెరుస్తారు. పదీ ఒక క్షణానికి మంచి కోర్సులన్నీ సీట్లు నిండి ఎర్రబడిపోతాయి. నా ఒక పక్కన గిబొమ్, ఇంకో పక్కన మల్సున్ పిన్ని, ఆవిడ వెనకాల సంగ్‌ము అన్న. సీనియర్ల వంతు ముందురోజే అయిపోయింది, ఆయనకి అక్కడ పనే లేదు.

పది కొట్టింది. గదంతా టకటకలు, ఆ వెంటనే శాపనార్థాలు. నాకు సెల్ బయాలజీ దొరికింది, లెక్కలు పోయాయి. గిబొమ్‌కి ఈత ఒక్కటే దక్కింది. మల్సున్ పిన్ని మాత్రం కళ్లద్దాలు తుడుచుకుని, చూపుడు వేలితో తన నంబరు ఒక్కో అంకె వెతుక్కుంటూ కొడుతోంది. మధ్యలో నూడుల్స్ వస్తే పక్కకి జరిపి, తెచ్చిన అబ్బాయిని తిన్నావా అని అడిగింది. మిగతా క్లాసులన్నీ పొందికగా అయ్యాక, ఆఖర్న ఫెర్మెంటేషన్ మీద నొక్కింది.

"చేరారు" అని పచ్చగా వచ్చింది.

పిన్ని కుర్చీలోంచి లేచి నన్ను వాటేసుకుంది. "వచ్చిందే! నా చేత్తో నేనే నొక్కాను, వచ్చింది!" అంటూ సంగ్‌ము అన్న వీపు మీద ఒక్కటి చరిచి, కొట్టు తెరవడానికి పరిగెత్తింది. ఆయన వీపు రుద్దుకుంటూ నవ్వుతున్నాడు. ఆ మనిషి అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

అప్పుడు గిబొమ్ ఆవిడ స్క్రీన్ వైపు వంగాడు. "అన్నా, ఇందులో చేరింది ముగ్గురేనే. పదిమంది లేకపోతే కోర్సు రద్దు చేస్తారు కదా?"

సంగ్‌ము అన్న ముఖంలో నెత్తుటి చుక్క లేదు. "నా నోరు పడిపోను!" అన్నాడు.

మార్పులకి సోమవారం దాకా గడువుంది. ఆ మధ్యాహ్నమే ఆయన జన్మలో చేయని పని మొదలుపెట్టాడు. క్యాంటీన్ వరసలో నిలబడి ఒక కోర్సుని పొగడటం.

"ఫెర్మెంటేషన్ తీసుకోరా. బాగుంటుంది."

"ఏం బాగుంటుందన్నా?"

అన్న చాలాసేపు ఆలోచించాడు. "గదికి కిటికీ ఉంది."

"సారు?"

"సారు... మనిషే."

ఒకమ్మాయి ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. సాయంత్రానికి కాలేజీ అంతా గుప్పుమంది. సంగ్‌ము నోటితో పొగిడాడంటే ఆ క్లాసులో ఎవరో పోయే ఉంటారు, దాన్ని కప్పిపుచ్చుతున్నారు అని. ఉన్న ముగ్గురిలోనూ ఒకడు భయపడి పేరు తీసేయించుకున్నాడు.

నేనిక ఊరుకోలేక ఆయన్ని క్యాంటీన్ వెనక్కి లాక్కెళ్లాను. "ఏంటన్నా ఈ నాటకం?"

"ఆవిడ వేగానికి సీటు దొరుకుద్దా చెల్లీ? నేను నొక్కిపెడతా పిన్నీ అన్నా. చెయ్యి మీద ఒక్కటేసింది. నా చదువుకి నీ వేలెందుకురా అంది. నిజమేగా. ఇంక నేను చెయ్యగలిగిందేముంది? ఎవడూ అటు పోకుండా చూడటమే."

"మరి మిగతా కోర్సులన్నీ ఎందుకు తిట్టావ్?"

"ఒక్కదాన్నే తిడితే దొరికిపోనూ? ప్రతి సెమిస్టరూ గబగబా నొక్కలేనివాళ్లు ఎవరో ఒకరు ఉంటారు. పోయినసారి చేతికి కట్టుతో ఒకడొచ్చాడు. అంతకుముందు చూపు సరిగా ఆనని అమ్మాయి." ఆయన తల గోక్కున్నాడు. "ఈసారి పిన్ని మరీ నిదానం కదా అని, కాస్త ఎక్కువ తిట్టాను."

నాకు కోపమూ వచ్చింది, ఆ మనిషి మీద ఎక్కడలేని ప్రేమా వచ్చింది. ముందు కోపం తీర్చుకుందామని భుజం మీద గట్టిగా ఒక్కటి గుద్దాను. తర్వాత మా బ్యాచ్ వాళ్లందర్నీ పోగేసి, పిన్నికి చెప్పబోమని ఒట్టు వేయించుకుని, ఆయన చేతే అంతా చెప్పించాను.

అందరూ ఒక్కసారే ఆయన మీద పడ్డారు.

"అయితే జాడీ మూత అబద్ధమా?"

"అబద్ధమే."

"ఈతకొలను నీళ్లు?" గిబొమ్ ఆశగా అడిగాడు.

"అది నిజమే తమ్ముడూ."

గిబొమ్ ఆ నిమిషంలోనే ఫోన్ తీసి ఈత మానేసి ఫెర్మెంటేషన్‌లో చేరాడు. నేను సెల్ బయాలజీ వదులుకున్నాను, ఇది అయ్యేలోపే అది మొదలవుతుంది కాబట్టి. పొద్దున లేవడం మా వల్ల కాదని మూలిగినవాళ్లు మూలుగుతూనే నొక్కారు. అయినా సోమవారానికి ఒకరు తక్కువయ్యారు. ఏడేళ్లలో మధ్యాహ్నం పన్నెండు లోపు ఉన్న క్లాసుకి ఒక్కసారీ రాని తాక్ సంగ్‌ము అన్న, కళ్లు గట్టిగా మూసుకుని పదోవాడిగా తన పేరు ఎక్కించుకున్నాడు.

మంగళవారం తొమ్మిదింటికి మల్సున్ పిన్ని ముందు వరసలో కొత్త సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఒకరి వెనక ఒకరుగా ఆవలిస్తూ వస్తున్న మమ్మల్ని చూసి ఆశ్చర్యపోయింది.

"మీరంతా ఇక్కడేనా? చూశారా మరి! క్షణంలో అయిపోతాయని నన్ను బెదరగొట్టారు. నేను నిదానంగా నొక్కినా దొరికిందా లేదా? మీకు అన్నిటికీ కంగారే."

"అవును పిన్నీ," అన్నాం అందరం, ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకోకుండా.

జుట్టు చెదిరి గుమ్మంలో నిలబడ్డ సంగ్‌ము అన్నని ఆవిడ చేయి పట్టి పక్కన కూర్చోబెట్టుకుంది. "ఏరా, నీకు అన్ని క్లాసులూ తెలుసంటారు. ఇది ఎలా ఉంటుందిరా?"

ఆయన నోరు తెరిచాడు. అలవాటు కొద్దీ ఏదో నాలుక చివరిదాకా వచ్చిందని మాకందరికీ తెలుస్తూనే ఉంది. వెనక వరసలోంచి ఎనిమిది జతల కళ్లు ఆయన వీపుని గుచ్చాయి.

"బాగుంటుంది పిన్నీ," అన్నాడు. అనడానికి గొంతు రెండుసార్లు సవరించుకోవలసి వచ్చింది గానీ, అన్నాడు.