కూడితే తొమ్మిది వచ్చే పిస్టల్

1999లో మా కంపెనీ నన్ను సింగపూరు శాఖకు భద్రతాధికారిగా పంపింది. అంతకుముందు నేను పోలీసు సాయుధ రిజర్వులో ఆయుధాగారం చూసే ఇన్‌స్పెక్టర్ని. తుపాకులు విప్పి బాగుచేయడం, ఎవరి చేతికి ఏది ఇవ్వవచ్చో తేల్చడం నా పని. ముందుగానే పదవీ విరమణ తీసుకుని హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాను. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తేదీలు మరిచిపోతాయన్న భయం అప్పుడు లోకమంతా అమ్ముడుపోతోంది. మా చైర్మన్ చలపతి గారు ఆ భయానికి మందు అమ్మి బాగా పైకొచ్చారు.

ఆంగ్ మో కియో పారిశ్రామికవాడలో మా శాఖ. అక్కడ నా పని తలుపులకు కార్డులు, వచ్చేవాళ్లకు బ్యాడ్జీలు, డేటా టేపులకు తాళాలు. తుపాకీతో పనే లేదు. అయినా చైర్మన్ గారు తన రాకకు ముందు ఫోన్ చేసి అడిగింది తుపాకీ గురించే. చొక్కా కింద కనపడకుండా రోజూ పెట్టుకు తిరిగే చిన్నది అక్కడ కూడా ఒకటి ఏర్పాటు చేయమన్నారు. ఇక్కడ అది కుదరదన్నాను. లైసెన్సు ఉందిగా అన్నారు. మన దేశపు లైసెన్సు ఇక్కడ చెల్లదని, తుపాకీ దాకా ఎందుకు, ఒక్క తూటా దగ్గర దొరికినా జైలేనని, మగవాడైతే బెత్తం దెబ్బలు కూడా పడతాయని చెప్పాను. ఆయన నవ్వారు.

అసలు ఆయనకు ఆయుధం ఎంపికలో సలహా ఇచ్చింది నేనే. హైదరాబాదులో డబ్బు కోసం బెదిరింపులు వచ్చాయి. అధికారులు విచారించి లైసెన్సిచ్చారు. మన దేశంలో మామూలు పౌరుడికి దొరికేది పాయింట్ ముప్పైరెండు బోరు తుపాకీ. అందులో రివాల్వర్ కావాలా, పిస్టల్ కావాలా అన్నది ప్రశ్న. రివాల్వర్‌కు గుండ్రటి తూటాల గది ఉంటుంది. అది నడుము దగ్గర ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. వెనక సుత్తి చొక్కాకు తగులుకుంటుంది. పిస్టల్ పలచన, ఒంటికి అంటుకుపోతుంది. కానీ దానితో ఒక చిక్కుంది. తూటాలుండే పెట్టె, అదే మేగజైన్, తీసేసినా గొట్టం వెనక గదిలో ఒక తూటా మిగిలి ఉండవచ్చు. అలవాటు లేనివాడు మేగజైన్ తీశాను కదా, ఖాళీ అయిందనుకుంటాడు. రివాల్వర్ తెరిస్తే లోపల ఏముందో గుడ్డివాడు కూడా వేలితో తడిమి చెప్పగలడు.

చలపతి గారికి పొట్ట ఉంది. కూర్చుంటే నడుము దగ్గరి ఆయుధం పక్కటెముకల్లో గుచ్చుకుంటుంది. చెమట ఎక్కువ, ఇనుము తుప్పు పడుతుంది. అన్నిటికీ మించి ఆయనకు సాధన చేసే తీరిక లేదు. ఇవన్నీ లెక్కవేసి రివాల్వరే తగినదన్నాను. సుత్తి తగలకుండా ఉండే తోలు ఒరను కూడా చూపించాను. ఆయన శ్రద్ధగా విన్నారు, రెంటినీ చేతిలో తూచి చూశారు. తర్వాత రివాల్వర్ మీద చెక్కిన నంబరు చదివి వేళ్ల మీద కూడారు.

"ఎనిమిది వచ్చిందండీ. శని. వద్దు."

పిస్టల్ నంబరు కూడితే తొమ్మిది. అదే కొన్నారు. ఎనిమిదిని చూసి భయపడ్డ ఈ మనిషే రోజంతా అంకెలతో వ్యాపారం చేసేవాడు. తూటాకు అంకెలు చదవడం రాదని చెప్పాను. భద్రతాధికారి హోదాలో నా అభ్యంతరాన్ని రాతపూర్వకంగా కూడా ఇచ్చాను. ఆయన పట్టించుకోలేదు.

దసరా అయిన కొన్నాళ్లకు చైర్మన్ దంపతులిద్దరూ సింగపూరు వచ్చారు. పిస్టల్ హైదరాబాదులో తాళంలో ఉందని ఆయనే నాతో చెప్పారు. హోటల్ వంట ఆయన భార్య సుగుణమ్మ గారికి పడదని, మా శాఖ మేనేజరు శ్రీధర్ బెడోక్‌లోని తన ఫ్లాట్‌లో దింపుకున్నాడు. శ్రీధర్ చాలా ఏళ్లుగా అక్కడే ఉంటున్న నెల్లూరు కుర్రాడు. అతని భార్య ప్రసన్న సింగపూరులోనే పుట్టి పెరిగింది.

మర్నాడు నన్ను భోజనానికి పిలిచారు. సుగుణమ్మ గారు హాల్లో చెక్క అలమర మీద దేవుణ్ణి సర్దుతున్నారు. సంచీలోంచి ఇత్తడి కుందులు, గంట, పంచపాత్ర ఒక్కొక్కటే తీస్తున్నారు. చివర్లో ఒక పసుపుగుడ్డ మూట తీసి విప్పి పటం ముందు పెట్టారు. దాని మీద కుంకుమ బొట్టు. ఆ బొట్టు కింద మెరుస్తున్నది కుంది కాదు, గంట నాలుక కాదు, తూటా.

నా జీవితంలో కొన్ని వేల తూటాలు పట్టుకున్నాను. దీన్ని మాత్రం ముట్టుకోలేదు. ఇది ఉత్తిదే కదమ్మా అని అడగబోయాను. అడగక్కర్లేకపోయింది. వెనక కొట్టిన గుర్తు లేదు, ముందు గుండు చెక్కుచెదరలేదు, ఇంకా పేలే తూటాయే.

"ఏవండీ ఇన్‌స్పెక్టర్ గారూ, అలా అయిపోయారేంటి?" అన్నారు చైర్మన్. "అమ్మవారి దగ్గర పెట్టిందే లెండి. ఆయుధం ఎటూ తేకూడదన్నారు కదా, దాని శక్తయినా వెంట ఉంటుందని సిద్ధాంతి గారు చెప్పారు."

ఆయుధపూజకు పిస్టల్ ఎలా పెట్టారని అడిగాను. ఆయన దాపరికం లేకుండా చెప్పారు. ఖాళీ పళ్లెం దేవుడికి పెట్టం కదా, ఖాళీ ఆయుధం ఎలా పెడతామన్నారు. పిస్టల్ గొట్టం వెనక గదిలో తూటా ఉంచే పీట మీద పెట్టారట. పక్కన కర్పూరం. చుట్టూ ఇంటిల్లిపాదీ, ఆఫీసువాళ్లు. గొట్టం ఎటు తిరిగి ఉందని అడిగితే, అందరూ ఎదురుగానే కూర్చున్నామన్నారు. పూజయ్యాక ఆ తూటాను బయటికి లాగి పసుపుగుడ్డలో కట్టారు.

ఏ చిక్కు ఉందని పిస్టల్ వద్దన్నానో, ఆ చిక్కును ఆయన ఆచారంగా మార్చారు. పొరపాటున మిగిలే తూటాను నేను లెక్కలోకి తీసుకున్నాను. కావాలని మిగిల్చేది నా లెక్కలో లేదు.

ఇత్తడి సామాన్ల మధ్య ఇత్తడి తూటా విమానాశ్రయ తనిఖీల్లో ఎవరి కంటా పడలేదు. ఇప్పుడది శ్రీధర్ పేరున ఉన్న ఇంట్లో ఉంది. ఎవరైనా చూసి చెబితే మొదట జవాబు చెప్పుకోవాల్సింది అతనే. ఆ మాట నేను అనగానే శ్రీధర్ ముఖం పాలిపోయింది. ప్రసన్న వంటింటి గుమ్మంలో నిలబడి చైర్మన్‌తో ఒకటే మాట అంది.

"అంకుల్, దిస్ ఈజ్ సింగపూర్ లా. మీరు ఫ్లైట్ ఎక్కి పోతారు, మా ఆయన ఎక్కడికి పోతాడు?"

చైర్మన్ చిరాకు పడ్డారు. ఇంత చిన్నదానికి రాద్ధాంతమేమిటన్నారు. పక్కనే చెరువుంది, చీకటి పడ్డాక శ్రీధర్ వెళ్లి పడేసి వస్తాడన్నారు. నేను ఒప్పుకోలేదు. ఇక్కడినుంచి చెరువు దాకా ఆ తూటా ఎవరి జేబులో ఉంటే నేరం వాడిది. తెచ్చినవాళ్లే పోలీసులను పిలిచి అప్పగించాలి. దారి అదొక్కటే. నా జీతం ఎవరిస్తున్నారో గుర్తుంచుకోమన్నారు ఆయన. భద్రతాధికారిగా ఇస్తున్నారని, ఆ పనే చేస్తున్నానని బదులిచ్చాను. మాట మీద మాట పెరిగింది. అమ్మవారు కాపాడుతుందని ఆయన, కాపాడే శక్తి ఉంటే ఆ తూటాను హైదరాబాదులోనే ఆపేదని నేను.

సుగుణమ్మ గారు అంతసేపూ కింద కూర్చునే ఉన్నారు. కుందిలో వత్తి వేశారు గాని వెలిగించలేదు.

"అన్నయ్యగారూ, నిజంగా ఆ అబ్బాయికి జైలు పడుతుందా?" అని నన్ను అడిగారు.

పడవచ్చన్నాను. మీకు కూడా అన్నాను.

"సంచీ సర్దింది నేను. శ్రీధర్, ఫోన్ చెయ్యి నాయనా. నేను తెచ్చానని నేనే చెప్తాను."

చైర్మన్ ఆమె పేరు పెట్టి గద్దించారు. ఆమె తలెత్తలేదు. శ్రీధర్ ఫోన్ చేశాడు.

పోలీసులు వచ్చారు. ఒక్కరూ గొంతు పెంచలేదు. మమ్మల్నందరినీ గోడవారగా నిలబెట్టి, చేతితొడుగు వేసుకుని తూటాను తీశారు. కుంకుమ గురించి అడిగితే శ్రీధర్ ఇంగ్లీషులో వివరించబోయి మధ్యలో ఆగిపోయాడు. సుగుణమ్మ గారిని వెంట తీసుకెళ్లారు. జామీను దొరికినా పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉండిపోయింది. విచారణ నెలలు పట్టింది. అన్నాళ్లూ ఆమె ఆ ఫ్లాట్‌లోనే ఉన్నారు. తలుపు గంట చప్పుడైతే ఉలిక్కిపడేవారని ప్రసన్న చెప్పేది. చైర్మన్ గారు హైదరాబాదులో పనులున్నాయని ముందే వెళ్లిపోయారు. తానుగా చెప్పిందని, దురుద్దేశం లేదని నమ్మి చివరకు ఆమెను గట్టి హెచ్చరికతో వదిలేశారు. అప్పగించకుండా దొరికి ఉంటే ఆ మాట చెల్లేది కాదని న్యాయవాది తేల్చి చెప్పారు.

ఆమెను తీసుకుని నేనే హైదరాబాదు వచ్చాను. ఆ వారంలోనే చైర్మన్ గారు కబురు పెట్టారు. కోపం పోయినట్టే ఉంది, కాఫీ తెప్పించారు. బల్లమీద కొత్త తుపాకుల కాగితాలు పరిచి ఉన్నాయి.

"మీరన్నది నిజమేనండీ. ఆ పిస్టల్ మనకు కలిసిరాలేదు. తొమ్మిది ఆవిడ జాతకానికి పడదట. ఈసారి ఇంకా చిన్నది చూడండి, కూడితే ఆరు రావాలి."

బెడోక్‌లో తూటా చూసినప్పటికంటే ఆ కుర్చీలో ఎక్కువ నిర్ఘాంతపోయాను. భార్య పరాయి దేశంలో నెలల తరబడి అనుభవించిన దానిలోంచి ఆయన నేర్చుకున్నది ఒక అంకె. కాగితాలు మడిచి తిరిగి ఇచ్చేశాను. ఆ నెలే రాజీనామా చేశాను.

తర్వాత చాలా ఏళ్లు లైసెన్సుదారులకు ఆయుధాల ఎంపికలో సలహాదారుగా పనిచేశాను. చిన్న ఆయుధం ఎంచేటప్పుడు బరువు, మందం, సుత్తి, ఒర అన్నీ చూడాలి. వాటికంటే ముందు మనిషిని చూడాలి. అందుకే నేను అన్ని వివరాలూ చెప్పి, ఆయుధం చేతికిచ్చి, ఏం చేస్తాడో చూసేవాణ్ణి. తూటా గది తెరిచి ఖాళీయో కాదో చూసుకున్నవాడితో మాట్లాడేవాణ్ణి. ముందు నంబరు కోసం తిప్పి చూసి వేళ్లు మడిచినవాడి సలహా కాగితం మీద తగడని రాసి సంతకం పెట్టేవాణ్ణి.