మావయ్య మార్చిన తల్లులు

మా మావయ్య పోయారని తెలిసి, సంతబొమ్మాళి దగ్గర మా చేపపిల్లల కేంద్రానికి వచ్చిన వాళ్లంతా ఆయన మంచితనమే చెప్పుకున్నారు. నాకూ ఏడుపొచ్చింది. కానీ ఏడుస్తూనే మనసులో ఆయనతో పోట్లాడాను. చెప్తానన్నది చెప్పకుండా ఎలా వెళ్లిపోయారు?

ఆయన నాకు మేనమామ, ఆపైన మామగారు. ఏడో తరగతితో ఆగిపోయినా ఫోన్‌లో తెలుగు చదవగలనని తల్లిచేపల యాప్ నా చేతికిచ్చారు. ఒక్కో చేప ఒంట్లో బియ్యపుగింజంత చిప్ ఉంటుంది. మిషన్ దగ్గర పెడితే కూత వస్తుంది, దాని అమ్మానాన్న ఎవరో ఫోన్‌లో కనిపిస్తుంది. ఏ ఆడచేపను ఏ పోతుతో కలపాలో కూడా అదే చెబుతుంది. దగ్గర చుట్టాలైతే ఎరుపు చూపిస్తుంది. పిల్లలు ఎదగవని దాని అర్థం.

ఎరుపు చూస్తే మావయ్యకు ఒళ్లు మండేది. ఆయన చేపలకు ఇంటిపేర్లు పెట్టారు. ఒకే ఇంటిపేరైతే తనే వద్దనేవారు. వేరైతే యాప్ మాట వినేవారు కాదు. ఓసారి, తను పెద్దాడపడుచు అని పిలుచుకునే బొచ్చెచేపకు దాని మేనమామ కొడుకునే కుదిర్చారు. ఫోన్ ఎర్రబడింది. తడిచేత్తో దాన్ని లాక్కున్నారు.

"మేనరికానికి అడ్డేటి? నిన్ను నాను అలాగే తెచ్చుకోనేదేటి?"

గట్టు మీద నుంచి మా ఆయన, "నాన్నా, సేపలకి శుభలేకలు కూడా కొట్టించీ" అన్నారు.

నేను వంటలో ఉండగా మావయ్య యాప్‌లో ఆ చేప తల్లిని తీసేసి వేరే చేపను తల్లిగా పెట్టేశారు. ఫోన్ పచ్చబడింది. ఆ జతకు పుట్టిన పిల్లల్ని తీసుకెళ్లిన నిమ్మాడ రైతు, ఎదగలేదని వచ్చి నిష్ఠూరమాడాడు. తప్పు వాళ్ల చెరువు నీళ్లదన్నారు మావయ్య. ఎరుపు వచ్చిన ప్రతిచోటా ఇలాగే చేశారని తర్వాత తెలిసింది. మార్చిన చేపలేవో యాప్ చూపిస్తుంది, ముందున్న తల్లి ఎవరో చూపించదు. అది తెలియకపోతే ఆయన ఏళ్లతరబడి ఏరి ఏరి పెంచిన జాతే పాడైపోతుంది. అన్నం పెట్టినప్పుడల్లా అడిగేదాన్ని.

"సెప్తాన్లే అమ్మీ. నా బుర్రలో ఉన్నాయి, ఎక్కడికి పోతాయి?"

అంటూనే కూరలో చేప తలకాయ నా కోసం తీసి పక్కన పెట్టేవారు. ఇంకేం కోప్పడను?

ఆయన గుండె ఆగింది. బుర్రలోవీ దానితోనే పోయాయి.

ఇప్పుడు వానలు పడ్డాయి. తల్లిచేపలు గుడ్లు పెట్టడానికి ఇంజెక్షన్ ఇచ్చే రోజులు. అంతా పచ్చగానే ఉంది కదా, కలిపేద్దామన్నారు మా ఆయన. ఎదురుమాట్లాడని నేను వద్దంటే వద్దన్నాను. మావయ్య మార్చిన ప్రతి చేపకూ తల్లి దగ్గర "తెలియదు" అని నొక్కాను. ఆయన బతికుండగా ఒక్కసారీ నొక్కనివ్వలేదు దాన్ని. ఆ చేపల్ని జత కట్టకుండా వెనక చెరువులో వదిలేశాం.

పొద్దున్నే తవుడు పట్టుకెళ్లి, మావయ్య కొట్టినట్టే కొబ్బరిచిప్పను గట్టురాయికేసి కొడతాను. పెద్దాడపడుచు ముందొస్తుంది. దాని వెనకే, ఎవరి పిల్లలో తెలియని ఆ బొచ్చెలన్నీ పైకి తేలి నోళ్లు తెరుస్తాయి.